కనకమ్మ వదినె కాడి అమానతు

ఏం బిడ్డా భార్గవీ, పెట్టె సదురుడు అయిందా? ఆ, నిన్ననే చూసిన గదా, కాంట మీద పెట్టుడు, దింపుడు, రెండు చీరలు తీసుడు, మళ్ల పెట్టుడు. పచ్చడి సీసాలకు ప్లాస్టర్ గూడ సుట్టినవ్. మంచిదే. మరి పైసల సంగతి సదురుకున్నవా? ఏందీ, అంత యాప్‌ల ఉన్నదా? యాప్ ఏడున్నది, ఫోన్ల. ఫోన్ ఏడున్నది, నీ చేతుల. రేపు ఆ దేశంల దిగంగనే ఫోను టాక్సీల మరిచిపోతివనుకో, ఏం జేస్తవ్? నవ్వకు. కూసో జర. నీ విమానం ఎల్లుండి గదా, ఇప్పుడేం కొంపలు మునగట్లే. మా చిన్నప్పుడు కాశీకి పోయినోడు కాటికి పోయినోడు ఒక్కటే అంటుండె పెద్దోళ్ళు. పోయెటోడు ఇంటింటికి తిరిగి చెప్పొచ్చెటోడు, ఎవరిది వాళ్ళకు ఒప్పజెప్పి, తప్పుంటె మన్నించమని మొక్కి కదిలెటోడు. మీరిప్పుడు పొద్దుగాల ఎక్కి మాపటికి దిగుతరు. దిగుండ్రి, ఎవరొద్దన్నరు. గని బ్యాంకోనికి చెప్పినవా, ఫలానా దేశం పోతున్న అని? చెప్పకుంటె కార్డు ఆపేస్తరట, ఎవడో దొంగ వాడుతుండు అనుకోని. నాకెట్ల ఎర్కనా? రత్నమాల చెప్పింది. నీకెర్క లేదులే. నువ్వుంటున్న అర్రలనే ఉంటుండె, మూడో అంతస్తుల. అప్పటికి మెట్రో పిల్లర్లు ఇంక లేస్తనే ఉండె.

అమలాపురం దిక్కు ఆమె. హైటెక్ సిటీల పెద్ద నౌకరి. నలభై దగ్గర పడ్డయేమో, పెండ్లి చేసుకోలే. ఎందుకు చేసుకోలేదని గల్లీల ఎవరన్న నోరు తెరిస్తె మా వదినె ఆ నోట్ల గడ్డి వెట్టేది. కంపెనీ ఆమెను మలేషియా పొమ్మన్నది, మూడు నాలుగు నెలలకు. ఇగ చూడు బిడ్డా, ఆమె సదురుడు నీ లెక్క పచ్చడి సీసాలకాడ మొదలుగాలే. ముందుగల్ల బ్యాంకు. ఫ్లాట్ లోను కిస్తు నెలనెల దానంతలదే కట్టయ్యేటట్టు చేసి, దానికి సరిపోను ఖాతాల ఏసింది. మూసాపేటల ఓ చిట్టీ ఉండె, దాన్ని తన తోని పనిచేసే ఆమెకు అప్పజెప్పింది. లాకర్ తాళంచెవి ఒకరికి, ఇన్సూరెన్స్ సంగతి ఒకరికి, అక్కడి పైసలేసుకోని పోయే కార్డొకటి. ఒక్కటొక్కటి ముడేసుకుంట వచ్చింది. మా వదినె మెట్ల మీద కూసోని చూసి చూసి, "ఏమమ్మా, ఊరికి పోతున్నవా, ఉరికి పోతున్నవా?" అన్నది. ఆమె నవ్వింది. "మా నాన్నగారు పోయాక ఎక్కడ ఏముందో తెలీక మా అమ్మ బ్యాంకుల చుట్టూ తిరిగిందండీ. నా కోసం ఎవరూ అలా తిరగకూడదు" అన్నది. అని ఊకుంటదా, "మీకు నామినీ ఎవరండీ కనకమ్మగారూ?" అని అడిగింది. మా వదినె ఏమనాలె? "నామాలోడా? నాకు ఎంకన్న గాదమ్మా, ఎములాడ రాజన్ననే." ఆ పిల్ల నవ్వి నవ్వి పొట్ట వట్టుకున్నది.

మా వదినె అంటె మా అన్న భార్య, కనకమ్మ. గోడ మీద ఫోటో చూసినవ్ గదా, ముక్కు పుడక పెద్దగ ఉంటది, ఆమెనే. మెట్రో బండి నడిచిన ఏడు కాలం జేసింది. మా అన్న ముందే పోయిండు. అగో ఆ అద్దాల బిల్డింగు లేదా, నీ ఆఫీసు ఎనక, ఆడ మా జొన్నచేను. అవి అమ్మిన పైసలతోని మా సుట్టపోళ్ళు కార్లు కొన్నరు, పెండ్లిళ్ళకు హెలికాప్టర్లు అన్నరు. మా వదినె ఈ అయిదంతస్తులు లేపింది. మేస్త్రి కల్తీ సిమెంట్ కలుపుతుండని చెప్పు తీసిందొకసారి. నాకు ఆమెంటె భయమే. ఇప్పటికి గూడ నీళ్ళ నల్ల ఇడిసిపెట్టి వస్తె ఎనకనుంచి "మొగిలీ!" అని ఒర్రినట్టె అయితది. సదువు రాలే ఆమెకు. అక్షరాలు రావు, అంకెలొస్తయ్. బస్సు నంబర్లతోని నేర్చుకున్నది. ఏం జెప్తున్న... ఆ, ఫోను.

పోయే ముందటి దినం రత్నమాల కిందికొచ్చింది, చేతిల ఒక బటన్ల ఫోను వట్టుకోని. బ్యాంకుకు అంటిచ్చిన నంబరు అందుల ఉన్నది. మలేషియాల ఆమె వేరే సిమ్ము తీసుకుంటది. ఇంటర్నెట్టుల పైసలు కదపాలంటె పాస్‌వర్డ్ కొట్టాలె, కొడితె ఈ ఫోన్లకు నంబరొస్తది, ఆ నంబరు చెప్తెనే పైస కదులుతది. నీకు నేను ఓటీపీ గురించి చెప్పుడేంది గని, అప్పట్ల మాకు కొత్త. "నేను ఫోన్ చేసి అడిగినప్పుడు, వచ్చిన అంకెలు చదివి చెప్తే చాలండీ" అన్నది. మా వదినె ఫోను ముట్టలే. "అమానతా?" అన్నది. ఆ పిల్లకు తెల్వలే. "అంటే ఏంటండీ?" మా వదినె చెప్పింది. అమానతు అంటె ఒకలు నమ్మి దాసిపెట్టింది. పెట్టినోళ్ళు వచ్చి అడిగితె వాళ్ళ చేతికే ఇయ్యాలె. వాళ్ళ అమ్మ అడిగిన, అయ్య అడిగిన, దేవుడే దిగొచ్చి అడిగిన ఇయ్యొద్దు. అట్లనా, ఉత్తగ టేబుల్ మీద పెట్టిపోతవా, రెండిట్ల ఏది? రత్నమాల నవ్వుకుంటనే నిలవడ్డది. నవ్వు ఆపింది. "అమానతేనండీ. నేను నా నోటితో అడిగితేనే చెప్పండి. మా అన్నయ్య అడిగినా వద్దు" అన్నది. చేతిల చెయ్యేసింది. అప్పుడు తీసుకున్నది మా వదినె.

అన్నయ్య ఎందుకొద్దు అంటవా? భీమేశ్వరరావు. చెడ్డోడు గాదు, చెల్లె మీద పానం. గని ఆయనకు పైస కనవడితె ప్లాటు కనవడ్తది. అట్ల మోకిల దిక్కు ఏదో వెంచర్ల ఈమె పైసలు పెట్టిచ్చిండు, అది లేవనే లేదు, గడ్డి లేసింది. పాస్‌వర్డేమో ఆయనకెర్కే, ఈమె టాక్సు లెక్కలన్ని చూసేది ఆయననే. అందుకే ఒక తాళం ఆయన కాడ, ఒక తాళం మా వదినె కాడ. తెలివిగల్ల పిల్ల. అన్ని ఆలోచన జేసింది. నేను అడగలేనట్టయితె ఎట్ల అన్నది మాత్రం తోచలే. నువ్వు గది రాసుకో ముందుగల్ల.

ఇగ నవ్వులాట చూడు. ఆమె పోయిన వారానికి నా ఫోనుకు ఫోన్ జేసింది, "మొగిలయ్యగారూ, ఆ ఫోన్ మోగట్లేదండీ, చిట్టీ డబ్బులు పంపాలి" అని. చూస్తె ఏముంది, మా వదినె దాన్ని పసుపు బట్టల మూటగట్టి, బీరువాల, బంగారం పెట్టెకింద పెట్టి తాళమేసింది. చార్జింగ్ అయిపోయి సచ్చిపోయింది అది. "అమానతును ముట్టొద్దు గదరా, రోజు తీసి ఆడుకుంటరా?" అన్నది నన్నే. నచ్చజెప్పే వరకు నా తాతలు దిగొచ్చిన్రు. అప్పటిసంది పొద్దుగాల లేసి మొకం కడుక్కోని, దీపం ముట్టిచ్చి, ఆ ఫోను చార్జింగ్ పెట్టేది. దేవుని పక్కనే ప్లగ్గు పెట్టిచ్చింది ఎలక్ట్రిషన్‌ను పిలిచి! నెలకోసారి రత్నమాల ఫోన్ జేస్తె, అందర్ని ఎల్లగొట్టి, అంకెలు చెప్పి, "ముట్టిందా?" అని అడిగేది. "అందిందండీ" అనేది ఆమె. అందుడేంది, ముట్టుడు గదా అని మా వదినె నాతోని నగేది.

అట్ల రెండు నెలలు మంచిగనే గడిచింది. ఒకనాడు పగటియాల్ల భీమేశ్వరరావు ఆటో దిగిండు. లింగంపల్లి స్టేషన్ల రైలు దిగి సీద ఇటే వచ్చిండు, అంగి గుండీలు మీదివి కిందికి పెట్టుకున్నడు. మలేషియాల రోడ్డు దాటుతుంటె రత్నమాలకు బండి తాకింది. తలకు దెబ్బ. తెలివి లేదు. ఆమె తోని పనిచేసే పిల్లగాడు ఆదర్శ్ అని, దవాఖానల ఆమె పక్కన ఉన్నడు, వానితోని మాకు గూడ మాట్లాడిపిచ్చిండు. ఆపరేషన్ చెయ్యాలె. కంపెనీ ఇన్సూరెన్స్ ఉన్నది గని ఆ కాయితాలు కదిలేటాల్లకు ముందుగల్ల కట్టమంటున్నరు. ఆదర్శ్ కార్డు గీకి గీకి అయిపోయింది. వాని ఖాతాల లక్షలు పడాలె, పడితె వాడు ఆడ కడతడు. భీమేశ్వరరావు పైసలన్ని ప్లాట్లల్ల ఇరుక్కున్నయ్, ప్లాటు పొద్దుమీకి అమ్ముడుపోతదా? చెల్లె ఖాతాల పైసలున్నయ్, పాస్‌వర్డ్ ఆయన కాడున్నది. ల్యాప్‌టాపు ఇగో ఈ టీపాయ్ మీదనే తెరిచిండు. టకటక కొట్టిండు. మా వదినె ఒళ్ళె ఫోను టింగుమన్నది.

ఆమె చూసింది. అంకెలు చూసింది, నేను ఆమె మొకం చూస్తనే ఉన్న. పెదువులు కదిలినయ్. చూసి ఫోను బోర్లేసి చెయ్యి పెట్టింది. "చెప్పండమ్మా" అన్నడు ఆయన. చెప్పలే. "అమ్మా, టైమైపోతోందండీ!" ఆయన అన్న టైము వేరు, ఓటీపీ టైము. ఆమెకు అర్థమైన టైము వేరు. రత్నమాల టైము అనుకున్నది. మొకం తెల్లగయింది బిడ్డా, సున్నం కొట్టినట్టు. అయినా చెప్పలే. "ఆమె నోటితోని అడిగితె చెప్త" అన్నది. "ఆమెకు నోరే లేదు కదండీ ఇప్పుడు! కాళ్ళు పట్టుకుంటానండీ" అని నిజంగనే వట్టుకున్నడు, పెద్ద మనిషి, ఎక్కెక్కి ఏడ్సిండు. కిరాయోళ్ళందరు మెట్ల మీదికొచ్చిన్రు. ఒకామె అన్నది, "మనిషి పానం పోతుంటె గిదేం పంతం కనకమ్మా" అని. నేను గూడ అన్న, వదినె, చెప్పరాదె అని. నాలుగో అంతస్తోడు పోలీసుల పిలుస్తనన్నడు. ఆమె ఎవ్వరిని తిట్టలే. ఆమె తిట్టకుంట ఉన్నది చూసుడు నాకు అదే మొదటిసారి. "ఆమెది ఆమె అడగాలె. నేనెవర్ని ఇయ్యటానికి? నాకు దాసిపెట్టమన్నది, పంచమన్లే" అన్నది.

అని లేసింది. బీరువా తెరిచింది. ఫోను లోపల పెట్టి, బ్యాంకు కాయితం బయటికి తీసింది. ఫిక్సుడు. చేను పైసలల్ల ఇల్లు కట్టంగ మిగిలింది, మోకాళ్ళ ఆపరేషన్‌కని దాసుకున్నది. "నడువు మొగిలీ, గచ్చిబౌలి బ్యాంకుకు" అన్నది. నాకు సమజ్ గాలే. భీమేశ్వరరావుకు గూడ గాలే. ఆయన దిక్కు తిరిగి అన్నది, "ఆమె పైసలు నాయి గావు, రూపాయి ఇయ్య. గివి నాయి. ఎన్ని గావాల్నో అన్ని తీస్కపో."

వింటున్నవా బిడ్డా? అంతసేపు ఆ మనిషి కాళ్ళు వట్టుకుంటె, సంఖ్య ఒక్కటి, ఉత్త సంఖ్య, నోటి మాట, అది ఇయ్యనామె, తన మోకాళ్ళు తీసి ఇచ్చింది. నేను ఈ వయసుకొచ్చిన, మంత్రుల జూసిన, స్వాముల జూసిన, ఆ దినం మా వదినె గా బీరువా ముందట నిలవడ్డట్టు నిలవడ్డ మనిషిని చూడలే. బ్యాంకుల ఆ సారు, "అమ్మా, ఇప్పుడు తీస్తే వడ్డీ పోతుందమ్మా, ఇంకా టైముంది" అన్నడు. "మిత్తి పోతె పోనీ, మనిషి పోవద్దు. వేలిముద్ర ఏడ ఎయ్యాలె?" ఆదర్శ్ ఖాతాకు పోయినయ్. బయటికొచ్చినంక భీమేశ్వరరావు షేర్ ఆటోల మా ఇద్దరి నడుమ కూసోని, ఆమె చెయ్యి వట్టుకున్నడు, మన నానక్‌రామ్‌గూడ వచ్చేదాక ఇడువలే.

ఆపరేషన్ అయితె అయింది. తెలివి రాలే. ఇయ్యాల రేపు అంటున్నరు. మా వదినెకు పొద్దుగాల దీపం, చార్జింగ్. కిరాయోళ్ళ మీద ఒర్రుడు బందయింది, నల్ల కారుతున్నా చూస్తలేదు. అన్నం ముందట కూసుంటది, లేస్తది. ఎంతసేపు పెదువులు కదులుతనే ఉన్నయ్. నేను జపం అనుకున్న. రాజన్నను మొక్కుతుంది అనుకున్న. ఎములాడ మొక్కు మొక్కినవా వదినె అంటె, "ఊకో, మరిచిపోత" అన్నది. ఏం మరిచిపోతదో నాకేం ఎర్క.

పది దినాలు దాటిందేమో. భీమేశ్వరరావు ఇక్కడనే ఉండె, నా అర్రల పండుకుంటుండె. ఆయన ఫోను మోగింది, ఆదర్శ్. వాడు ఏడుస్తుండో నవ్వుతుండో తెల్వదు, "మేడమ్ లేచారండీ, మాట్లాడతారట" అంటుండు. అన్న మాట్లాడిండు, ఏం మాట్లాడిండు పాపం, చెల్లాయ్ చెల్లాయ్ అనుడు తప్ప. నడుమల మా వదినె వచ్చి చెయ్యి చాపింది. ఫోను తీసుకోని, "అందరు బయటికి పోండ్రి" అన్నది. ఎప్పటి తీరుగనే. మేము గడప దాటినం, తలుపు దగ్గరేసుకున్నది. గని ఫోను స్పీకర్ల ఉండె, అది తీసుడు ఆమెకు రాదు. నా చెవులు అప్పట్ల మంచిగుండె.

"నువ్వేనా బిడ్డా?" అన్నది. "నేనేనండీ, కనకమ్మగారూ." గొంతు పీలగ, బాయిల నుంచి వచ్చినట్టు. "నీ నోటితోని అడుగు" అన్నది మా వదినె. ఆ పిల్లకేం తెల్సు ఏమడగాల్నో, తల నిండ కుట్లు. ఆదర్శ్ చెవిల చెప్పిండేమో జరిగింది. జర సేపటికి అన్నది, "నంబరు చెప్పండమ్మా." ఎప్పుడు గారు గారు అనేది. అమ్మా అన్నది.

మా వదినె చెప్పింది. ఆ దినం టీపాయ్ కాడ చూసిన అంకెలు. ఫోను బీరువాల ఉన్నది, చూడలే ఆమె. నోటికే చెప్పింది. ఒక్కొక్క అంకె, నడుమ నడుమ ఆగుకుంట, తప్పొద్దని. గన్ని దినాలు అన్నం మాని పెదువుల మీద తిప్పుకున్నది అదే బిడ్డా. భీమేశ్వరరావు నా మొకం చూసిండు, నేను ఆయన మొకం చూసిన. ఆ నంబరు వచ్చిన పావుగంటకే సచ్చిపోయిందని ఆయనకెర్క, అప్పటికి నాకు గూడ చెప్పి ఉండె. ఆమెకొక్కదానికి ఎవ్వరం చెప్పలే. అంకెలన్ని చెప్పి మా వదినె అడిగింది, "ముట్టిందా?"

రత్నమాలకు తెల్వదా? కంప్యూటర్లల్లనే బతికిన పిల్ల. పనికిరాదండీ అనొచ్చు, నవ్వొచ్చు. అనలే. అవుతల ఏడుస్తుండె, ముక్కు ఎగపీల్చిన సప్పుడు ఇనవడ్డది. "ముట్టిందమ్మా" అన్నది. "మొత్తం ముట్టింది."

అప్పుడు పడ్డది మా వదినె. తలుపు దొబ్బి చూస్తె కింద కూలవడ్డది, ఫోను ఒళ్ళె వెట్టుకోని, చిన్న పోరి లెక్క, ఓ తల్లీ నువ్వు లేవకపోతె నేనెవరికి చెప్దును, ఎవరికి చెప్దునే అని ఒకటే ఏడ్సుడు. మా అన్న పోయిననాడు గూడ అట్ల ఏడ్వలే.

...ఏందీ? ఏ నంబరా? విన్న గదా. యాదికెందుకు లేదు, ఉన్నది, అన్ని అంకెలు ఉన్నయ్. పనికిరాని నంబరే, నాకెర్కే. గని ఎట్ల చెప్పుదు బిడ్డా నీకు? అది నీది గాదాయె.